సబ్బు పేరు పాతది – సరుకు కొత్తది

ఏండ్ల తరబడి వాడుకలో ఉన్న షేవింగ్ సబ్బు ఒకనాడు అంగడిలో దొరకకుండా పోవడం, లేదా అదే పేరుతో, అదే రంగు పెట్టెలో గుణం మారిన సబ్బు చేతికి రావడం నేడు చాలామంది గృహస్థులకు అనుభవమే. వినడానికి ఇది స్వల్ప విషయం. ఆరోగ్య పత్రికలో దీనికి చోటెందుకని కొందరు పాఠకులు అనుకొనవచ్చును. అయితే చర్మవ్యాధులతో వైద్యుని వద్దకు వచ్చే పురుషులలో, ముఖ్యంగా అరువది ఏండ్లు దాటినవారిలో, దవడలపై మంట, దురద, పొలుసులు మొదలైన తేదీని జాగ్రత్తగా విచారిస్తే అది పలుమార్లు సబ్బు మారిన తేదీకి దగ్గరగా ఉంటుంది. కనుక ఈ విషయాన్ని తేలికగా కొట్టివేయుటకు వీలులేదు.

హైదరాబాదు పడమటి దిక్కున ఈ చిక్కు మరికొంత ఎక్కువ. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి గారు సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటి నుండి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలు ఊహకందనంతగా పెరిగినవి. గోదావరి, కృష్ణా జిల్లాల నుండి, కరీంనగర్, వరంగల్ ప్రాంతాల నుండి, రాయలసీమ నుండి పిల్లలు ఉద్యోగాలకు వచ్చి స్థిరపడినారు. వారి వెంట తల్లిదండ్రులు వచ్చినారు. సొంత ఊరిలో పెరడు, బావి, అరుగు, ఇరుగుపొరుగు అన్నీ వదలి పదవ అంతస్తులో కాపురముంటున్న పెద్దవారికి ఉదయం అద్దం ముందు కూర్చుని కుంచెతో నురుగు తీసుకొనే ఆ పావుగంట మాత్రం పాత జీవితంలోనిది. ఆ సబ్బు వాసన కూడా పాతదే. అది కాస్తా పోయినప్పుడు వారు పడే బాధ సబ్బు వెలతో కొలవదగినది కాదు. “ఏదో ఒక సబ్బు తెప్పిస్తాను, పది నిమిషాలలో వస్తుంది నాన్నగారూ” అని కుమారుడు ఫోను తీయడం సహజమే. కానీ ఏదో ఒక సబ్బు అన్నచోటనే పొరపాటు మొదలవుతుంది.

శాస్త్రంలో క్షౌరానికి గల స్థానం

మన ప్రాచీనులు క్షౌరాన్ని అలంకారంగా మాత్రమే భావింపలేదు. చరక సంహిత సూత్రస్థానం 5వ అధ్యాయంలో కేశములను, గడ్డాన్ని, గోళ్ళను సవరించుకొనుట పుష్టికి, ఆయుష్షుకు, శుచికి, రూపానికి హితమని చెప్పబడినది. 8వ అధ్యాయంలో పక్షానికి 3 మార్లు చేసుకొనవలెనని నియమం కలదు. సుశ్రుతుడు చికిత్సాస్థానం 24వ అధ్యాయంలో దీనివలన మనస్సుకు ఉల్లాసం, దేహానికి తేలికదనం కలుగుతాయని చెప్పినాడు. పక్షానికి 3 మార్లు అంటే సుమారు 5 రోజులకు ఒకసారి. నేటి ఉద్యోగస్థులు ప్రతిదినం గీసుకొనుచున్నారు. చర్మానికి ఇంత రాపిడి పెడుతున్నప్పుడు దానిపై పూసే ద్రవ్యం విషయంలో ఇంకా ఎక్కువ శ్రద్ధ ఉండవలెను గదా!

చరకుడే మరొక గొప్ప భావనను అందించినాడు. అదే ఓకసాత్మ్యం. నిరంతర అభ్యాసం వలన ఒక ద్రవ్యం దేహానికి ఒదిగిపోవుటయే ఓకసాత్మ్యం. ఇది ఆహారాన్ని గురించి చెప్పబడినదైనా చర్మానికి కూడా వర్తింపజేసుకొనవచ్చునని నా అభిప్రాయం. 30 సంవత్సరాలుగా ఒకే సబ్బుకు అలవాటుపడిన ముఖచర్మం మరొకదానిని ఒక్కరోజులో అంగీకరింపకపోవుట విడ్డూరం కాదు.

సబ్బు ఎందుకు మారుతుంది?

షేవింగ్ సబ్బు స్నానపు సబ్బు వంటిది కాదు. స్నానపు సబ్బు ప్రధానంగా సోడా క్షారంతో చేయబడి గట్టిగా ఉంటుంది. షేవింగ్ సబ్బులో పొటాష్ క్షారం కూడా ఉండుటచేత అది నీటిలో త్వరగా కరుగుతుంది. అందులో స్టియరిక్ ఆమ్లం పాలు ఎక్కువగా ఉంటుంది. వెంటనే ఆరిపోకుండా చిక్కగా నిలిచే నురుగు దానివలననే వస్తుంది. గ్లిజరిన్ తేమను పట్టి ఉంచుతుంది. ఈ పాళ్ళలో ఏది మారినా కత్తి కింద చర్మానికి తెలిసిపోతుంది. కొబ్బరినూనె పాలు పెంచితే నురుగు చూడముచ్చటగా పొంగుతుంది, కానీ చర్మం బిగుసుకొని ఎండిపోతుంది.

మార్పునకు కారణాలు అన్నీ దురుద్దేశాలు కావు. నూనెల ధరలు ఒక కారణం. మనదేశంలో సబ్బులకు పామాయిల్, దాని నుండి వచ్చే పదార్థాలు ముఖ్యాధారం. వాటిలో అధికభాగం దిగుమతి అయ్యేవే. 2022లో ఇండోనేషియా ఏప్రిల్ 28 నుండి మే 23 వరకు పామాయిల్ ఎగుమతిని నిలిపివేసినప్పుడు ఇక్కడి సబ్బుల పరిశ్రమ కలవరపడినది. 2024 సెప్టెంబరులో మన ప్రభుత్వం ముడి పామాయిల్‌పై సుంకాన్ని మొత్తం మీద 5.5 శాతం నుండి 27.5 శాతానికి పెంచినప్పుడు కూడా సబ్బుల ధరలు పెరిగినవి. ఇటువంటి వేళలలో తయారీదారు వెల పెంచవచ్చు, తూకం తగ్గించవచ్చు, లేదా పాళ్ళు మార్చవచ్చు. మొదటి రెండింటిని మనం పెట్టె మీద చూడగలం. మూడవదానిని చర్మం మీదనే చూస్తాం.

రెండవ కారణం సుగంధాలు. యూరపు దేశాలలో లిలియల్ అనే సువాసన ద్రవ్యం సంతానోత్పత్తి శక్తికి హాని చేయవచ్చునని నిర్ణయించి 2022 మార్చి 1 నుండి సౌందర్య సామగ్రిలో నిషేధించినారు. అంతకు ముందు 2021లో లైరల్ అనే మరొక సువాసన ద్రవ్యాన్ని చర్మానికి పడకపోవుట కలిగిస్తున్నదని తొలగించినారు. ఈ కారణంగా ఎన్నో పాత సబ్బుల, క్రీముల పరిమళం మారిపోయినది. ఇది ప్రజల మేలుకోరి చేసిన మార్పు. పాతదంతా మంచిది, కొత్తదంతా చెడ్డది అనే వాదం నాకు సమ్మతం కాదు. మన దేశంలోనే 2002లో లైఫ్‌బాయ్ సబ్బు తన పాత కార్బాలిక్ స్వభావాన్ని, ఆ ఘాటైన వాసనను వదలి కొత్త రూపంలో వచ్చినది. ఆ వాసన కోసం ఇప్పటికీ పరితపించేవారు ఉన్నారు. కొత్త సబ్బే మేలని సంతోషించినవారూ ఉన్నారు.

మొదట నీటిని పరీక్షింపవలెను

సబ్బుపై నింద వేసేముందు ఒక పరీక్ష చేయుట అవసరం. ఐ.టి. ప్రాంతంలోని ఎన్నో ఇళ్ళ సముదాయాలకు బోరునీరు, ట్యాంకరు నీరే ఆధారం. ఆ నీటిలో సున్నపు లవణాలు ఎక్కువ. అవి సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారుతాయి. నురుగు నిలువదు, చర్మంపై పిండివంటి పొర మిగులుతుంది, మంట పుడుతుంది. గోదావరి నీటితో జీవితమంతా గడిపి కొండాపూర్ చేరిన పెద్దాయన “సబ్బులో పస పోయినది” అంటే, నిజంగా మారినది సబ్బు కాకపోవచ్చు, నీరు కావచ్చు.

పరీక్ష సులభం. త్రాగుటకు వాడే శుద్ధిచేసిన నీటిని ఒక చెంబెడు గోరువెచ్చగా కాచి, ముఖం తడుపుటకు, కుంచె ముంచుటకు, చివర కడుగుకొనుటకు ఆ నీటినే 3 పర్యాయాలు వాడి చూడవలెను. నురుగు పూర్వంవలె వచ్చి మంట తగ్గితే దోషం నీటిది. అప్పుడు సబ్బు మార్చనవసరం లేదు, చెంబెడు నీరు మార్చుకొంటే చాలును. మార్పు కనిపించకపోతేనే సబ్బును అనుమానించవలెను.

ప్రతినిధి ద్రవ్య న్యాయం

అభిమాన వస్తువు దొరకనప్పుడు ఏమి చేయవలెనన్నది వైద్యులకు కొత్త ప్రశ్న కాదు. 16వ శతాబ్దికి చెందిన భావమిశ్రుడు తన భావప్రకాశంలో అభావ ప్రతినిధి ద్రవ్యాలను చెప్పినాడు. హిమాలయాలలో లభించే అష్టవర్గ ఓషధులు దుర్లభమైనప్పుడు మేద, మహామేదలకు బదులు శతావరిని (పిల్లిపీచర), జీవక, ఋషభకాలకు బదులు విదారికందాన్ని, కాకోలి, క్షీరకాకోలులకు బదులు అశ్వగంధను, ఋద్ధి, వృద్ధులకు బదులు వారాహికందాన్ని గ్రహించవచ్చును. అయితే దీనికి రెండు కట్టుబాట్లు ఉన్నవి. ప్రతినిధిగా తీసుకొనే ద్రవ్యం రస, వీర్య, విపాకాలలో మూలద్రవ్యాన్ని పోలి ఉండవలెను. యోగంలో ప్రధాన ద్రవ్యానికి మాత్రం ప్రతినిధి లేదు. చ్యవనప్రాశలో అష్టవర్గానికి బదులు వేరొకటి వేయవచ్చు, ఉసిరికాయకు బదులు వేయరాదు. ఉసిరిక లేనిది చ్యవనప్రాశ కానే కాదు.

గురువుల వద్ద ఓషధులను గుర్తించి, దంచి, వడగట్టి నేర్చుకొన్నవారికి దీనితోపాటు మరొక నియమం కూడా వంటపట్టినది. ప్రతినిధిని వాడినప్పుడు ఆ మాట దాచకూడదు. రోగికి చెప్పవలెను. పేరు ఒకటి చెప్పి వస్తువు మరొకటి ఇచ్చుట చికిత్స కాదు.

ఈ విషయంలో మా వర్గం నిష్కళంకమని చెప్పుటకు లేదు. స్త్రీల వ్యాధులకు వాడే అశోకపట్టకు బదులు అంగళ్ళలో నరమామిడి పట్ట అమ్ముట చాలాకాలంగా సాగుతున్న అక్రమం. హైటెక్ సిటీ కార్యాలయాల ప్రహరీల వెంబడి సన్నగా, స్తంభాలవలె పెరిగిన చెట్లను అందరూ అశోక చెట్లనే పిలుస్తారు. అవి నరమామిడి చెట్లు. నీడకు, అందానికి అవి అశోకమైనా కాకపోయినా నష్టం లేదు. కషాయంలోకి వచ్చినప్పుడు నష్టం ఉన్నది. అటువంటి అక్రమాన్ని ఓషధుల అంగడిలో ఖండించే వైద్యుడు సబ్బుల అంగడిలో చూచి ఊరకుండుట సరికాదు.

నా వాదం ఇంతే. తయారీదారు సబ్బును మార్చవచ్చును, మానివేయవచ్చును. అది అతని వ్యాపారం. కానీ ప్రధాన ద్రవ్యాన్ని మార్చి, పాత పేరును, పాత పెట్టెను అట్లే ఉంచి, ఒక్కమాటైనా చెప్పకుండా అమ్ముట అన్యాయం. కొనేవాడు పేరును నమ్మి చర్మాన్ని అప్పగిస్తున్నాడు. కొండాపూరులో మన పిల్లలు చేసే పనిని చూడండి. కంప్యూటరు ప్రోగ్రాములో స్వల్పమైన సవరణ చేసినా దానికి కొత్త వెర్షన్ సంఖ్య ఇచ్చి, ఏమేమి మార్చినారో ఒక పట్టికలో వ్రాసి విడుదల చేస్తారు. యంత్రంలోని లెక్కకు ఇంత మర్యాద ఉన్నప్పుడు మనిషి ముఖానికి పూసే సబ్బుకు అది ఉండకూడదా? పెట్టె మీద “పాళ్ళు మార్చబడినవి” అనే ఒక పంక్తి, మార్చిన నెల, సంవత్సరం ముద్రించుటకు అయ్యే ఖర్చు ఏపాటిది? “కొత్తది, మరింత మెరుగైనది” అని పెద్ద అక్షరాలతో వేయుటకు చోటు దొరుకుతున్నది గదా!

కొత్త సబ్బును ఎన్నుకొనే విధం

ప్రతినిధిని గుణం చూచి ఎన్నవలెనే గాని వాసన చూచి కాదు. 2020 నాటి కాస్మెటిక్స్ నియమాల ప్రకారం ఒక శాతానికి మించిన ద్రవ్యాలను ఎక్కువ నుండి తక్కువకు వరుసగా పెట్టె మీద ముద్రింపవలెను. ఆ జాబితాలో స్టియరిక్ ఆమ్లం, పొటాషియం హైడ్రాక్సైడ్ లేదా వాటి నుండి పుట్టిన పొటాషియం స్టియరేట్ మొదటి వరుసలో ఉంటే అది నిజమైన షేవింగ్ సబ్బు జాతిది. గ్లిజరిన్ ఉన్నదేమో చూడవలెను. శాకాహార కుటుంబాలవారు, ముఖ్యంగా విదేశీ సబ్బులు తెప్పించుకొనేవారు, “టాలోయేట్” అనే మాటను గుర్తుంచుకొనవలెను. అది పశువుల కొవ్వు నుండి వచ్చినది. “పామేట్” అన్నది పామాయిల్ నుండి వచ్చినది. పెట్టె మీద వేపాకు బొమ్మ, పసుపుకొమ్ము బొమ్మ ఉన్నంతమాత్రాన అది చర్మానికి హితమని నమ్మరాదు. ఆ బొమ్మల వెనుక జాబితా చదువవలెను. పాత సబ్బు పెట్టె ఒకటి దాచి ఉంచుకొంటే రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి పోల్చుటకు వీలవుతుంది.

పాత సరుకు కోసం బేగంబజారు దుకాణాలన్నీ గాలించి డజన్లకొద్దీ నిలవచేసేవారు ఉన్నారు. ఒకటి రెండు తెచ్చుకొనుటలో తప్పులేదు, కొత్తదానికి మారేవరకు అవి ఉపకరిస్తాయి. కానీ నారింజరంగు మచ్చలు పడినది, కారువాసన వచ్చేది వాడరాదు. కొందరు యువకులు ఇంట్లోనే సబ్బు చేసి తండ్రికి ఇవ్వాలని ఉత్సాహపడుతున్నారు. ఆ భక్తి మెచ్చదగినదే. కాస్టిక్ సోడా, కాస్టిక్ పొటాష్ మాత్రం కంటిలో పడితే చూపు పోగలదు. పసిపిల్లలున్న ఇళ్ళలో ఆ ప్రయోగం వలదు.

పాదాంశిక క్రమం

అలవాటైనదానిని విడిచి కొత్తదానిని చేపట్టుటకు చరకుడు సూత్రస్థానం 7వ అధ్యాయంలో పాదాంశిక క్రమాన్ని చెప్పినాడు. పాతదానిని నాలుగవ వంతు చొప్పున తగ్గిస్తూ, కొత్తదానిని నాలుగవ వంతు చొప్పున పెంచుతూ, మధ్య మధ్య వ్యవధి ఇస్తూ సాగించుటయే ఆ క్రమం. దీనిని సబ్బుకు ఈ విధంగా అన్వయించుకొనవచ్చును.

ముందుగా కొత్త సబ్బు నురుగును మోచేతి మడతలో కొద్దిగా రాసి, 2 నిమిషాలుంచి కడుగవలెను. ఇట్లు 3 రోజులు చేసినా దద్దురు, దురద రాకపోతే ముఖానికి వాడవచ్చు. తరువాత 4 క్షౌరాలలో ఒకదానికి కొత్త సబ్బు, మూడింటికి పాతది. ఆపై రెండు, రెండు. ఆపై మూడు, ఒకటి. ఆ తరువాత పూర్తిగా కొత్తది. పాతది ఒక్క ముక్క కూడా మిగలనివారు దినం విడిచి దినం లేదా 3 రోజులకొకసారి మాత్రమే గీసుకొంటూ చర్మానికి విశ్రాంతి ఇవ్వవలెను. పదవీవిరమణ చేసినవారికి ప్రతిదినం నునుపైన గడ్డం అత్యవసరం కాదు గదా!

ఇంటివద్ద చేయదగిన ఉపచారం

సగం పని సబ్బుది కాదు, నీటిది. గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన తువాలును 2, 3 నిమిషాలు గడ్డంపై ఉంచితే వెంట్రుక నీరు పీల్చి మెత్తబడుతుంది. ఆపై 2, 3 చుక్కల కొబ్బరినూనె తడి చర్మానికి రాసి, దానిమీద నురుగు పెట్టవలెను. వెంట్రుక పెరిగే దిక్కుననే కత్తి నడిపించవలెను. డబ్బా నొక్కగా వచ్చే నురుగు వాడినా ఈ తడుపుట మానరాదు.

గీసుకొన్న తరువాత చల్లని నీటితో కడిగి, మంట ఉన్నచోట తాజా కలబంద గుజ్జును పలుచగా రాసి 10 నిమిషాల తరువాత కడుగవచ్చు. కలబంద కూడా కొందరికి పడదు, కనుక దానినీ ముందు చేతిపై పరీక్షింపవలెను. గాటు పడినచోట తడిపిన పటికను తాకిస్తే రక్తం నిలుస్తుంది. ముఖమంతా రోజూ పటికతో రుద్దితే చర్మం ఎండుతుంది. రాత్రివేళ ముఖం పొడిబారి మంటగా ఉన్నవారికి శతధౌత ఘృతం శ్రేష్ఠం. ఆవునేతిని రాగిపాత్రలో నీటితో 100 మార్లు మథించి, ప్రతిసారి నీరు వంపివేసి తీసిన వెన్నవంటి లేపనం ఇది. బఠాణి గింజంత చాలును. మొటిమలు ఉన్నవారు వాడరాదు. నిమ్మరసం, వంటసోడా, కుంకుడురసం గాట్లు పడిన ముఖానికి పూయరాదు.

గుండ్రని మచ్చలుగా వ్యాపించే దురద, చీముపొక్కులు, వారం దాటినా తగ్గని ఎరుపు ఉన్నవారు గృహచికిత్సతో కాలయాపన చేయక వైద్యునికి చూపించవలెను. మధుమేహం ఉన్నవారు, రక్తం పలుచబడుటకు మందులు వాడేవారు చిన్న గాటును కూడా ఉపేక్షింపరాదు.

గృహస్థులకు ఒక మాట

ప్రతి పెట్టె మీద ఫిర్యాదులకై తయారీదారు చిరునామా, ఫోను సంఖ్య ఉండుట చట్టప్రకారం తప్పనిసరి. సబ్బు గుణం మారినదని తోచినప్పుడు పాత పెట్టె మీది, కొత్త పెట్టె మీది బ్యాచి సంఖ్యలు, తయారీ తేదీలు వ్రాసి, “ఏ ద్రవ్యం మార్చినారు?” అని ఒక ఉత్తరం వ్రాయండి. పెద్దవారికి ఉత్తరం వ్రాయుట వచ్చు, పిల్లలకు దానిని క్షణంలో పంపుట వచ్చు. తండ్రి చెప్పగా కొడుకు వ్రాస్తే ఆ పని పది నిమిషాలది. ఒక్కరు అడిగితే జవాబు రాకపోవచ్చు, వందలమంది అడిగితే పెట్టె మీద ఆ పంక్తి ముద్రించక తప్పదు.

ఈలోగా ఇంటిలోని పెద్దాయన సబ్బు మారినదని విసుగుకొంటే నవ్వి తోసివేయకండి. ఆ మాటను రోగలక్షణంవలె శ్రద్ధగా వినండి. నీరు పరీక్షించండి, జాబితా చదవండి, ఆయనకు అలవాటుపడుటకు నెలరోజులు వ్యవధి ఇవ్వండి. కొత్త సబ్బుకు పాత వాసన రాకపోవచ్చు. ముఖం మంట లేకుండా, ఉదయపు ఆ పావుగంట ప్రశాంతంగా సాగితే అది తగిన ప్రతినిధియే.